రెడ్డెమ్మ పాదం

మదనపల్లె మండీకి టమోటా పికప్పులు తోలేవాళ్లలో రెడ్డెమ్మకు మంచి పేరుండేది. ఆమె తెచ్చిన క్రేట్లలో అడుగున ఉన్న పండు కూడా నలిగేది కాదు. గుంతల రోడ్డయినా, ఘాటు దిగుడయినా బండి ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు ఆగిందో పక్కన కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. కోత రోజున రైతులు ముందు రెడ్డెమ్మకే ఫోన్ చేసేవాళ్లు. ఆమెకు తీరిక లేదంటేనే ఇంకొకరిని పిలిచేవాళ్లు.

ఆమె కూతురు ఇందుమతి బడి లేని రోజుల్లో తల్లి పక్క సీట్లో కూర్చుని జిల్లా అంతా తిరిగింది. పెద్దయ్యాక ఇంజినీరింగ్ చదివి, పలమనేరు బైపాస్ పక్కన ఒక పాత పట్టుపురుగుల షెడ్డులో నడుస్తున్న ప్రయోగశాలలో చేరింది. దాని యజమాని పద్మనాభం కరెంటు పికప్పులు తయారుచేసి అమ్మేవాడు. వాటికి 'గువ్వ' అని పేరు పెట్టుకున్నాడు. డీజిల్ బండ్లు ఒక్కొక్కటీ మూలకు చేరుతున్న కాలం కాబట్టి గువ్వలకు గిరాకీ ఉండింది. చిక్కల్లా ఒక్కటే. కరెంటు మోటారుకు ఓపిక తక్కువ. కాలు ఇలా తగలగానే బండి అలా దూకేది. కొత్తవాళ్లు తోలితే మండీ చేరేసరికి క్రేట్లలోంచి రసం కారేది.

"మోటారుకు ఎవరైనా నిదానం నేర్పితే బాగుండు" అన్నాడు పద్మనాభం ఒకరోజు విసుగ్గా.

"మా అమ్మ నేర్పుతుంది సార్" అంది ఇందుమతి.

ఆయన నవ్వాడు గానీ ఇందుమతి నవ్వలేదు. అలా పుట్టింది 'నేర్పు'. రెడ్డెమ్మ కుడి పిక్కకు మెత్తటి పట్టీ కట్టారు. యాక్సిలేటర్ కింద పల్చటి రేకు అమర్చారు. ముందు అద్దానికి ఒక కెమెరా పెట్టి, అన్నింటినీ ఒక కంప్యూటరు పెట్టెకు కలిపారు. ఏ దారిలో, ఏం కనిపించినప్పుడు ఆమె పాదం ఎంత నొక్కింది, ఎంత వదిలింది, నొక్కకముందే పిక్క ఎలా బిగిసింది, అంతా ఆ పెట్టె చూసి నేర్చుకుంది. ఆమె రెండు పంటకాలాల పాటు మామూలుగా తన పని తాను చేసుకుంటూ పోయింది. ఆ తరవాత ఆ నేర్పును చిన్న పెట్టెల్లోకి ఎక్కించి, ఒక్కో కెమెరాతో పాటు గువ్వలన్నింటికీ బిగించారు. ఎటు పోవాలో, ఎప్పుడు పోవాలో తోలేవాళ్ల ఇష్టం. మోటారుకు ఎంత బలం అందాలో మాత్రం నేర్పు సరిచేసేది. ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం కలిపేది, గుంత కనిపిస్తే కొంచెం తగ్గించేది. తోలేది ఎవరైనా, పెడల్‌కూ మోటారుకూ మధ్య రెడ్డెమ్మ పాదం ఉన్నట్టే.

బండ్లు నిజంగానే గువ్వల్లా నడిచాయి. నిన్నమొన్న లైసెన్సు తెచ్చుకున్న పిల్లలు కూడా పండు నలగకుండా మండీకి చేర్చారు. రెడ్డెమ్మ నడుం నొప్పి వల్ల బండి మానేసి ఇంటిపట్టున ఉంటోంది. ఆమె భర్త చెంగల్రాయుడు అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లతో అనేవాడు. "మా ఇంటామె కాలు ఊర్లన్నీ తిరగతా ఉంది. ఈమె మాత్రం ఈడ చాప మీద చాపుకోని కూచోని ఉండాది."

రెడ్డెమ్మ కోప్పడినట్టు చూసేది గానీ ఆ మాట ఆమెకు ఇష్టమేనని ఇందుమతికి తెలుసు.

* * *

ఆషాఢ గాలి బలంగా వీస్తున్న ఒక ఉదయం మండీలో ఫకృద్దీన్ తోలే గువ్వ ఉన్నట్టుండి ముందుకు దూకింది.

ఫకృద్దీన్ నెమ్మదస్తుడు. జీవితమంతా బండి మీదే గడిపినవాడు. సరుకు దించడానికి చింతచెట్ల పక్కనుంచి మెల్లగా, నడక వేగంతో పోతున్నాడు. ముందు హమాలీ మునిరత్నం క్రేట్లు పేరుస్తున్నాడు. రెప్ప వేసి తీసేలోపు బండి క్రేట్ల మీదికి పోయింది. ఫకృద్దీన్ బ్రేకు తొక్కేసరికి మునిరత్నం ఎడమకాలు క్రేట్లకూ బంపర్‌కూ మధ్య నలిగి ఉంది.

"నేను తొక్కలే! అల్లా సాక్షిగా నేను తొక్కలే!" అని ఫకృద్దీన్ అరుస్తూనే ఉన్నాడు. చుట్టూ చేరినవాళ్లు నమ్మలేదు. వయసు మీద పడింది, ఒకటి తొక్కబోయి ఇంకొకటి తొక్కాడన్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు.

మధ్యాహ్నానికి పెట్టెలోని రికార్డు ప్రయోగశాలకు చేరింది. ఇందుమతి తెర మీద రెండు గీతలు చూసింది. కింది గీత ఫకృద్దీన్ కాలు. అది సన్నగా, నిలకడగా ఉంది. పై గీత మోటారుకు అందిన బలం. అది ఒక్కసారిగా గోడలా నిట్టనిలువుగా లేచింది.

"ఆయన తొక్కలేదు సార్" అంది. "మన నేర్పు తొక్కింది."

పద్మనాభం లేచి చొక్కా సవరించుకున్నాడు. "ముందు స్టేషనుకు పోయి ఆయప్ప తప్పు లేదని చెప్పొస్తా. నువ్వు బండ్లన్నీ ఎక్కడివి అక్కడ ఆపించు."

టమోటా జోరుగా దిగుతున్న రోజులవి. గువ్వలన్నీ ఇంటి ముందర గుడ్డ కప్పుకుని నిలబడ్డాయి. తోలేవాళ్ల ఫోన్లకు జవాబు చెప్పలేక ఇందుమతికి తిండి సహించలేదు. అంతకుముందు జరిగిన రెండు చిన్న సంగతులు కూడా ఇప్పుడు బయటికొచ్చాయి. పుంగనూరు దగ్గర ఒక గువ్వ షెడ్డు గోడకు గుద్దుకుంది. వాయల్పాడు దారిలో ఇంకొకటి కాలవలోకి దిగింది. అప్పుడు ఆ తోలేవాళ్లు తమదే పొరపాటనుకుని నోరు మూసుకున్నారు.

"పెట్టెలకు హద్దు పెట్టకపోవడం మన తప్పు" అన్నాడు పద్మనాభం. ఘాటు ఎక్కేటప్పుడు బరువు బండికి బలం చాలదని, నేర్పు ఎంత కలపాలనుకుంటే అంత కలపనిచ్చారు. "ఈరోజే హద్దు పెడదాం. దాంతో దూకుడు తగ్గతాది."

"దూకుడు తగ్గినా ఉలికిపాటు పోదు సార్. వానలో, ఘాటు మలుపులో ఆ ఉలికిపాటు చాలు, బండి లోయలో పడటానికి. ఎందుకు ఉలిక్కిపడుతోందో తెలియాలి."

"తెలియకపోతే మొత్తం తుడిచేద్దాం ఇందూ. నేర్పు లేకుండానే అమ్ముకుందాం."

తుడిచేయడమంటే తల్లి రెండు పంటకాలాల కష్టం పోవడం. అంతకంటే ముఖ్యంగా, నేర్పును నమ్ముకుని బండి కొన్న కొత్తవాళ్లందరికీ తొందరపాటు మోటారు అప్పగించడం. ఇందుమతి కొన్ని రోజులు ఆగమని బతిమాలుకుంది. మూడు ప్రమాదాల వీడియోలు లాప్‌టాప్‌లో వేసుకుని ఇంటికి వచ్చింది.

* * *

ఇంట్లో రెడ్డెమ్మ చాప మీద కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. పొట్టు ఒక చేటలోకి, పప్పు ఒక గిన్నెలోకి పోతున్నాయి. చెంగల్రాయుడు పక్కనే కూర్చుని సాయం చేస్తున్నానంటూ గింజలు నోట్లో వేసుకుంటున్నాడు. ఇందుమతి తల్లి పక్కనే గోడకు ఆనుకుని మండీ వీడియో మళ్లీ వేసింది.

తెర మీద చింతచెట్ల నీడ. చెట్ల కింద ఎడమ పక్కన ఒక లారీ. దాని మీద కప్పిన బూడిదరంగు టార్పాలిన్ తాడు తెగి, గాలికి పెద్దగా ఎగిరి, మళ్లీ పడింది. ఆ వెంటనే బండి దూకింది.

గిన్నె దొర్లిన చప్పుడైంది. పప్పంతా నేలపాలైంది.

"చూసుకో మేయ్!" అన్నాడు చెంగల్రాయుడు.

"ఏమోబ్బా, కాలు తగిలింది" అంటూ రెడ్డెమ్మ పప్పు ఎత్తుకోసాగింది.

ఇందుమతి తల్లి కాలి వైపు చూసింది. చాపుకున్న కుడికాలి వేళ్లు ఇంకా ముందుకు వంగి ఉన్నాయి. మడమ నేలకు ఆనుకుని, పాదం దేన్నో నొక్కుతున్నట్టు బిగిసి ఉంది. అది మెల్లగా వదులైంది.

ఇందుమతి వీడియో వెనక్కి తిప్పింది. "అమ్మా, ఇది రవ్వంత చూడు."

టార్పాలిన్ ఎగిరింది. రెడ్డెమ్మ పాదం నేలను నొక్కింది.

పుంగనూరు వీడియోలో షెడ్డు పక్క ఆరేసిన బూడిదరంగు పట్టా గాలికి ఊగింది. పాదం నొక్కింది. వాయల్పాడు దారిలో వేపచెట్ల కింద వాననీటి గోతికి కప్పిన ప్లాస్టిక్ షీటు ఉబ్బి లేచింది. అదీ ఎడమ పక్కనే. పాదం మళ్లీ నొక్కింది. ఈసారి రెడ్డెమ్మ కూడా తన కాలి వైపు చూసుకుంది.

"అమ్మా, దీన్ని చూస్తే నీకేం గుర్తొస్తా ఉంది?"

"ఏం లేదు. ఏముండాది దీంట్లో, పట్టా."

"నీ కాలు చూడమ్మా."

రెడ్డెమ్మ చేతిలోని గింజలు గిన్నెలో వేసింది. చెంగు తీసుకుని చేతులు తుడుచుకుంది. అప్పటికే తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకుంది.

"ఏనుగు" అంది చివరికి, ఎవరికో వినపడకూడదన్నట్టు.

చెంగల్రాయుడు నమలడం ఆపాడు.

"నీకు మూడేండ్లు అప్పుడు" అంది కూతురితో. "కుప్పం సంతకు పోతా ఉండా. నిన్ను ఎడం పక్క సీట్లో దుప్పటి కప్పి పండబెట్టినా. తెల్లారతా ఉండాది, చినుకులు. అద్దం మసకబారింటే తుడుచుకుందామని అడివి కాడ బండి ఆపినా. ఎడం పక్క చెట్ల కింద పెద్ద బండ ఉన్నట్టుండె. నేను బండే అనుకున్నా. ఆ బండకు చెవి కదిలింది." ఆమె ఊపిరి పీల్చుకుంది. "టమోటా వాసనకు వచ్చిందేమో. తొండం కిటికీలో పెట్టింది పాపా. నువ్వు పండుకోని ఉండే పక్క. నీ దుప్పటి మీద పెట్టింది. నేను యాడ తొక్కినానో, ఎట్లా తొక్కినానో నాకే తెలీదు. బండి ఊరు దాటినాక ఆగింది. నువ్వు లేవను కూడా లేవలే."

"డోరు చొట్టపడింటే లారీ రాసుకోని పోయిందంటివే!" అన్నాడు చెంగల్రాయుడు.

"ఏనుగు అంటే మీయమ్మ నన్ను మళ్లా బండి ఎక్కనిస్తాదా? పాపను తీసుకోని పోనిస్తాదా? అందుకే చెప్పలే. చెప్పకుండా చెప్పకుండా మర్చిపోయినా అనుకున్నా."

తన తల్లికి భయమన్నదే లేదని ఇందుమతి ఇన్నేళ్లూ నమ్మింది. ఘాట్లో బ్రేకు పట్టు వదిలినా, వాగు పొంగినా ఆమె ముఖం మారడం చూడలేదు. ముఖం మారలేదు, నిజమే. ఎడమ పక్క బూడిదరంగుది ఏది కదిలినా, పక్క సీట్లో పడుకున్న పాపను తీసుకుని పారిపొమ్మని ఆమె పాదం మాత్రం ఇన్నేళ్లూ చెబుతూనే ఉంది. పాత డీజిల్ బండి నిదానానికి ఆ చిన్న నొక్కు ఎవరికీ బయటపడలేదు గానీ, పెట్టె దాన్ని పొల్లు పోకుండా నేర్చుకుంది.

రెడ్డెమ్మకు అర్థం కావలసింది అర్థమైంది.

"అయితే ఆ హమాలీ అన్న కాలు ఇరిచింది నేనేనా?"

"నువ్వు కాదమ్మా. హద్దు పెట్టకుండా బండ్లకు ఎక్కించింది మేము."

"పాదం నాదే గదా" అంది రెడ్డెమ్మ.

* * *

మర్నాడు ఆమె కూతురితో మదనపల్లె ఆసుపత్రికి వెళ్లింది. మునిరత్నం కాలు పట్టీల్లో వేలాడుతోంది. పక్కన అతని భార్య కూర్చుని ఉంది. రెడ్డెమ్మ ఏదీ దాచుకోకుండా ఏనుగు సంగతి, పెట్టె సంగతి మొత్తం చెప్పింది. మునిరత్నం నోరు తెరుచుకుని విన్నాడు. అతనిది మండీ చివరిదాకా వినిపించే గొంతు.

"అక్కా, అట్లయితే నన్ను తొక్కింది ఏనుగన్నమాట! ఇంక నేను మండీలో తల ఎత్తుకోని తిరగొచ్చు. బండి గుద్దిందంటే ఏం గొప్ప!"

వార్డులో పక్క మంచాలవాళ్లు నవ్వారు. అతని భార్య నవ్వలేదు.

"నగుతా ఉండాడు గానీ డాక్టరు ఏం చెప్పినాడో తెలుసా మీకు? కాలు అతుక్కుంటాదంట. బరువు మొయ్యకూడదంట. మీరొచ్చి చెప్పాల్సింది చెప్పేసి పోతారు. ఈయప్ప పుట్టినప్పటినించి మూట మోయడం తప్ప ఏం ఎరగడు."

ఆసుపత్రి ఖర్చు, ఇంటి ఖర్చు పద్మనాభం చూసుకుంటానని చెప్పి ఉన్నాడు. అయినా ఆమె అడిగింది దాని గురించి కాదు. రెడ్డెమ్మ ఆమె పక్కన బెంచీ మీద కూర్చుంది. క్షమించమని గానీ, ఏడవొద్దని గానీ అనలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, మందులు తెచ్చిపెట్టి, మునిరత్నానికి మజ్జిగన్నం కలిపిచ్చింది. వచ్చేటప్పుడు భార్య చేయి పట్టుకుని, "ఇంకెవరికీ ఇట్లా కాకుండా చూస్తా. అది మాత్రం నా పని" అంది.

బస్సులో ఇందుమతితో ఒక్క మాటే మాట్లాడింది. "దాన్ని మాన్పించే దారి చూడు పాపా."

* * *

దారి సులువుగా దొరకలేదు. ఆ ఒక్క భయాన్ని నేర్పులోంచి కత్తిరించి తీసేద్దామని ఇందుమతి ప్రయత్నించింది. సాంబారులోంచి ఉప్పు తీసినట్టయింది ఆ పని. భయం ఉన్న చోటే ఆ పాదం మెత్తదనమూ ఉంది. ఒకటి పీకితే రెండోది ఊడివస్తోంది.

"నేర్పిన పాదమే మళ్లీ నేర్పాలి" అన్నాడు పద్మనాభం. "ఆ బూడిదరంగు పక్కనించి ఆమె నిమ్మళంగా పోగలిగితే, పెట్టె పాతది వదిలేసి కొత్తది పట్టుకుంటుంది."

ప్రయోగశాల పెరట్లో కర్రలు పాతి టార్పాలిన్ కట్టారు. గట్టిగా తొక్కినా పాకడమే తప్ప పరిగెత్తలేనట్టు ఒక గువ్వ మోటారును కట్టడి చేశారు. రెడ్డెమ్మ పట్టీ కట్టుకుని, నడుం నొప్పికి దిండు పెట్టుకుని తోలింది. టార్పాలిన్ ఎగిరినప్పుడల్లా తెర మీద గీత ముల్లులా లేచింది. రోజూ తోలింది. పాదాన్ని బిగబట్టుకుంది. అలా బిగబట్టిన కొద్దీ ఆమె తోలుడులో మెత్తదనం పోయి, మామూలు దారిలో కూడా బండి కుదుపులు మొదలెట్టింది. ఉన్నది కూడా పోతోందని ఇందుమతికి భయమేసింది.

"ఇంక చాలమ్మా. తుడిచేద్దాం. నువ్వు చేయగలిగింది చేసినావు."

రెడ్డెమ్మ దిండు తీసి చంకన పెట్టుకుంది. "ఇది గుడ్డని నాకు తెలుసు పాపా. నా కాలికి గూడా తెలుసు. గుడ్డతో మాట్లాడి ఏం లాభం? ఏనుగు కాడికే పోదాం పా."

పలమనేరు అడవి అంచున అటవీశాఖ శిక్షణ ఏనుగుల్ని ఉంచే శిబిరం ఒకటుంది. పొలాల మీదికి వచ్చే అడవి ఏనుగుల్ని వెనక్కి మళ్లించడానికి వాటిని వాడతారు. పద్మనాభం పోయి అనుమతి తెచ్చాడు. అక్కడ గౌరి అనే ఏనుగు ఉంది. దాని మావటి మాదప్ప కర్ణాటక నుంచి వచ్చినవాడు. తెలుగు ఆగి ఆగి మాట్లాడతాడు.

"గౌరి మంచిది. ఆమెకు తొందర లేదు. మీరు గూడా తొందర వద్దు" అన్నాడు.

మబ్బు విడిచి ఎండ ఎక్కుతున్న వేళ. గౌరి చింతచెట్టు కింద నిలబడి చెవులు మెల్లగా ఊపుకుంటోంది. రెడ్డెమ్మ దాన్ని చూసి స్టీరింగ్ మీద చేతులు వేసి అలాగే ఉండిపోయింది. ఇందుమతి ఈ ప్రయోగం కోసం అమర్చిన వెనక సీట్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బండి ట్రాలీలో టమోటా క్రేట్లు, ముందు డ్యాష్‌బోర్డు మీద నాలుగైదు పండ్లు ఉన్నాయి.

మొదటిసారి దూరంగా పోయారు. గీత లేచింది. మళ్లీ తిరిగి వచ్చారు. గీత మళ్లీ లేచింది. ఆమె మెడ మీద చెమట కారుతోంది. ఎన్నిసార్లు తిరిగినా ముల్లు పొట్టిదైంది గానీ పోలేదు. ఎడమ సీటు ఖాళీగా ఉంది. గౌరి దగ్గరికి బండి వచ్చిన ప్రతిసారీ తల్లి చూపు ఏనుగు మీదికి కాదు, ముందు ఆ ఖాళీ సీటు మీదికి పోవడం ఇందుమతి వెనకనుంచి చూసింది.

"ఆపమ్మా" అంది. దిగి ముందుకొచ్చి ఎడమ సీట్లో కూర్చుంది.

"ఆ పక్క వద్దు. వెనక్కి పో."

"వెనక్కి పోను."

"చెప్పింది విను పాపా!" రెడ్డెమ్మ గొంతులో కోపం ఉంది, దాని కింద ఇంకేదో ఉంది.

"అమ్మా, నాకు మూడేండ్లు కాదు. నేను మేలుకోని ఉండా. నువ్వు పోనీ."

రెడ్డెమ్మ నడుం కింది దిండు సర్దుకుంది. తరవాత పోనిచ్చింది. ఇంతవరకూ ఎప్పుడూ లేనంత ఎత్తుకు లేచింది గీత. కట్టడి లేకపోతే బండి ఎక్కడుండేదో! అది మాత్రం మూలుగుతూ పాకి, ఇందుమతి చేతిబ్రేకు లాగగానే గౌరి పక్కన ఆగింది.

గౌరి తల తిప్పింది. తొండం చాచి ముందు ట్రాలీని వాసన చూసింది. తరవాత కిటికీలోంచి లోపలికి పెట్టింది. తడిగా, గరుకుగా, వెచ్చగా ఉన్న ఆ తొండం కొన ఇందుమతి భుజాన్ని తాకింది, చెంపను తాకింది, ఒళ్లోని లాప్‌టాప్‌ను తడిమింది. పారిపోవాలని ఆమెకూ అనిపించింది. ఆమె సీట్లోంచి కదలకుండా, ముందున్న ఒక టమోటా తీసి ఇచ్చింది. తొండం దాన్ని ఎంత సుతారంగా అందుకుందంటే, పండు మీద నొక్కు కూడా పడలేదు.

"అమ్మా, చూస్తా ఉండావా? ఇది నీకంటే మెత్తగా పట్టుకుంటా ఉంది."

రెడ్డెమ్మ కళ్లనిండా నీళ్లు. ఆమె ఏనుగును చూడటం లేదు. కూతురిని చూస్తోంది. తెర మీద గీత ఇంకా పైనే ఉంది. కాసేపు అక్కడే వణికింది. తరవాత ఏదో పెద్ద బరువు దించుకున్నట్టు కిందికి, ఇంకా కిందికి దిగి, నేల మీద పడుకుంది. రెడ్డెమ్మ కాలు యాక్సిలేటర్ మీదినుంచి పూర్తిగా లేచి, బ్రేకు మీద మెత్తగా ఆని ఆగింది.

"దానికి ఎన్నేండ్లు?" అని అడిగింది చివరికి, మాదప్పను.

"యాభై దాటింది అమ్మా."

"నాకంటే పెద్దదే. అక్కా అనల్ల" అంటూ డోరు తీసుకుని దిగింది. నడుం పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి గౌరి ముందు నిలబడింది. ఒక క్రేటు మొత్తం తన చేత్తోనే ఒక్కొక్కటీ తినిపించింది. తరవాత బండెక్కి, ఎవరూ చెప్పకుండానే మళ్లీ తిప్పింది. ఆ వారమంతా ఇద్దరూ శిబిరానికి పోయారు. ఆఖరి రోజుల్లో గౌరి బండి చప్పుడు విని తనే ఎదురొచ్చేది.

* * *

కొత్త నేర్పును పెట్టెల్లోకి ఎక్కించారు. దానికి హద్దు కూడా పెట్టారు. పద్మనాభం మండీ నడుమ క్రేటు మీద నిలబడి, తప్పు తమ పెట్టెదనీ, ఫకృద్దీన్‌ది ఎంత మాత్రం కాదనీ అందరి ముందూ చెప్పాడు. మర్నాడు తన గువ్వను మొదటగా రోడ్డు మీదికి తెచ్చింది ఫకృద్దీనే.

మునిరత్నం కాలు అతుక్కుంది గానీ డాక్టరు చెప్పినట్టే మోతకు మళ్లీ పనికిరాలేదు. ఆ పెద్ద గొంతు విని మండీలో ఒక కమీషన్ కొట్టు యజమాని అతన్ని వేలంలో ధరలు అరిచే పనిలో పెట్టుకున్నాడు. మొదట్లో రోజంతా కూర్చుని ఉండటం చేతగాక తిట్టుకునేవాడు. రానురాను కుదురుకున్నాడు. రెడ్డెమ్మ మదనపల్లె వెళ్లినప్పుడల్లా వాళ్లింట్లో అన్నం తినకుండా రాదు. వడ్డించేది అతని భార్యే. ఇప్పటికీ ఆమె మాటలు తక్కువే గానీ, రెడ్డెమ్మ వస్తుందని తెలిస్తే అనపగింజల పితికిపప్పు చేసి పెడుతుంది.

కొన్ని నెలల తరవాత ఇందుమతికి బండ్ల రికార్డుల్లో ఒక చిన్న వింత కనిపించింది. ఎడమ పక్క బూడిదరంగుది ఏదైనా గాలికి కదిలితే గువ్వలన్నీ రవ్వంత నెమ్మదిస్తున్నాయి. ఆగవు, కుదపవు. మర్యాదగా ఒక క్షణం వేగం తగ్గించి, దాన్ని దాటి, మళ్లీ తమ దారిన పోతున్నాయి. తోలేవాళ్లు కూడా గమనించి ఫోన్లు చేశారు.

ఆమె ఆ గీతల్ని పద్మనాభానికి చూపించింది. "సరిచేయమంటారా సార్?"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఉండనీ ఇందూ. ఎవరినో చూసి పలకరిస్తా ఉండాయి" అన్నాడు.

ఆ సాయంత్రం పలమనేరు బైపాస్ మీద టమోటా గువ్వలు వరసగా పోతున్నాయి. పక్కన ఎవరో ఆరేసిన పట్టా గాలికి లేచింది. ఒక్కొక్క బండీ కొంచెం తగ్గి, ముందుకు సాగిపోయింది. ఇందుమతి గేటు దగ్గర నిలబడి చివరి బండి కనుమరుగయ్యేదాకా చూసి, తల్లికి ఫోన్ చేసింది.